అనాన్ ఆధార్: కార్డు ఇవ్వకుండా వయసు రుజువు చేసే సాధనం ఎంతవరకు అక్కరకొస్తుంది?

నిరుడు విజయవాడ బస్టాండు దగ్గర ఒక జెరాక్స్ దుకాణంలో మా అమ్మ ఆధార్ నకలు తీయించవలసి వచ్చింది. ఫైలును దుకాణం వాట్సాప్ నంబరుకు పంపమన్నారు, పంపాను. కంప్యూటరు తెర నా వైపే తిరిగి ఉంది. ఆ అబ్బాయి డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరవగానే అందులో వరుసగా ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, ఎవరివో పెళ్లి ధ్రువపత్రాలు కనిపించాయి. మా అమ్మ ఫైలు దొరకడానికే రెండు మూడుసార్లు కిందికీ పైకీ జరపవలసి వచ్చింది. ప్రింటు చేతికి వచ్చాక ఆ ఫైలును తీసేయమని అడిగితే, "రోజూ రాత్రి అన్నీ తీసేస్తామండీ" అని మర్యాదగానే చెప్పాడు. కానీ అప్పటికే ఆ ఫోల్డరులో నెలల కిందటి తేదీలున్న ఫైళ్లను నేను చూసి ఉన్నాను.

ఆ నకలు అడిగిన కార్యాలయానికి నిజంగా కావలసిన సమాచారం ఒక్కటే: ఆమెకు 60 ఏళ్లు నిండాయా, లేదా? ఆ ఒక్క సమాధానం కోసం ఆమె పుట్టిన తేదీ, పూర్తి చిరునామా, ఫొటో, మా నాన్న పేరు, ఆధార్ సంఖ్య ముక్కూ మొహం తెలియని వారి కంప్యూటరులో మిగిలిపోయాయి. ఇంత అడిగి అంత తీసుకునే ఈ పద్ధతికి గణితంలో ఒక విరుగుడు 40 ఏళ్లుగా ఉంది. దాని పేరు జీరో నాలెడ్జ్ ప్రూఫ్. దాన్ని ఆధార్‌కు అన్వయించిన అనాన్ ఆధార్ అనే సాధనాన్ని కొన్ని వారాలపాటు వాడి చూసి, దాని డాక్యుమెంటేషనూ సోర్స్ కోడూ చదివి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇదే గణితం ఇతర రంగాల్లో ఎక్కడ నిలబడింది, ఎక్కడ తడబడింది అన్నదాన్ని పక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఈ సాధనం మంచిచెడులు సరిగా తెలియవు కనుక, వాటి ప్రస్తావన కూడా అవసరమైన చోట్ల చేస్తాను.

ముందుగా అసలు భావన. ఒక పోచంపల్లి నేతన్న నా ముందు రెండు నూలు కండెలు పెట్టి, ఇవి రెండూ వేర్వేరు రంగులని చెప్పాడనుకుందాం. చూపు మందగించిన నా కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. నేను వాటిని వీపు వెనక్కి తీసుకెళ్లి, నా ఇష్టం వచ్చినట్టు చేతులు మార్చో మార్చకుండానో మళ్లీ ముందుకు తెచ్చి, "మార్చానా, లేదా?" అని అడుగుతాను. రంగులు నిజంగా వేరైతే ఆయన ప్రతిసారీ సరిగా చెబుతాడు. ఒకటే అయితే ఊహించి చెప్పడమే గతి. అలా 20 సార్లు వరుసగా ఊహ నిజం కావడానికి ఉన్న అవకాశం 10 లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ. ఆట ముగిసేసరికి రంగులు వేరన్న నమ్మకం నాకు కుదురుతుంది, కానీ ఏ కండె ఏ రంగో మాత్రం నాకు తెలియదు. 1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ ర్యాకాఫ్ తమ పరిశోధనా పత్రంలో ఈ భావనకు కచ్చితమైన గణిత నిర్వచనం ఇచ్చారు. వారిలో మొదటి ఇద్దరికి 2012 ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఇలా ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలు వేసుకోనక్కర లేకుండా, ఒకసారి తయారు చేసి ఎవరికైనా పంపగలిగే రుజువులు తర్వాతి దశాబ్దాల్లో వచ్చాయి. అనాన్ ఆధార్ వాడేది ఆ రకాన్నే.

ఈ సాధనాన్ని తయారు చేసింది, ఎథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ అభివృద్ధికి తోడ్పడే ఎథీరియం ఫౌండేషన్‌కు చెందిన ప్రైవసీ అండ్ స్కేలింగ్ ఎక్స్‌ప్లొరేషన్స్ బృందం. ఇది ఓపెన్ సోర్స్, ఉచితం. ఆధార్ జారీ చేసే విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ, అంటే మనం పత్రికల్లో ఉడాయ్ అని చదివే సంస్థ, అందించే సేవ కాదు. ఈ సంగతి మొదటే చెప్పడం అవసరం. అయినా ఇది ఉడాయ్ మాట మీదే నిలబడుతుంది, ఎందుకంటే ఈ-ఆధార్ మీద ఉండే పెద్ద క్యూఆర్ కోడ్‌లో ఉడాయ్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ కోడ్‌లో పేరు, పుట్టిన తేదీ, లింగం, చిరునామా, చిన్న ఫొటో, ఆధార్ సంఖ్యలోని చివరి 4 అంకెలు, కోడ్ తయారైన సమయం ఉంటాయి. వాటన్నిటినీ కలిపి ఉడాయ్ తన 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళంతో, అంటే తన దగ్గర మాత్రమే ఉండే ఒక రహస్య సంఖ్యతో, సంతకం చేస్తుంది. అనాన్ ఆధార్ రుజువు చేసే వాక్యాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: "ఉడాయ్ సంతకం ఉన్న సమాచారం నా దగ్గర ఉంది, దాని ప్రకారం నా వయసు 18 దాటింది, ఇంతకు మించి నేను మీకేమీ చెప్పను."

వాడే విధానం సులువుగానే ఉంది. ప్రయోగ పేజీ తెరిచి, ఈ-ఆధార్ నుంచి కత్తిరించిన క్యూఆర్ చిత్రాన్ని ఇచ్చాను. 18 ఏళ్లు దాటాయన్న సంగతి, లింగం, రాష్ట్రం, పిన్ కోడ్, ఈ నాలుగింటిలో ఏవి బయటపెట్టాలో మనమే ఎంచుకోవచ్చు. నేను వయసును, రాష్ట్రాన్ని మాత్రమే ఎంచుకున్నాను. మొదటిసారి వాడేటప్పుడు రుజువు తయారీకి కావలసిన తాళపు ఫైళ్లు బ్రౌజరులోకి దిగాలి. అవి పెద్దవి కనుక వైఫై దగ్గర ఉన్నప్పుడు మొదలుపెట్టడం మంచిది. ఆ తర్వాత లెక్క మొత్తం మన కంప్యూటరులోనే జరుగుతుంది. ఈ మాటను కేవలం నమ్మి ఊరుకోలేదు. బ్రౌజరులో నెట్‌వర్క్ పట్టిక తెరిచి పెట్టి, రుజువు తయారవుతున్నంతసేపు బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననూ గమనించాను. నా క్యూఆర్‌లోని సమాచారాన్ని మోసుకెళ్లినది ఒక్కటీ లేదు.

చివరికి తెర మీద మిగిలింది పొడవాటి అంకెల వరుసలు కొన్ని. రుజువు అంటే నిజానికి ఒక గణిత వక్రరేఖ మీది మూడు బిందువులు, అంతా కలిపి కొన్ని వందల బైట్లు. మనం పొద్దున్నే పంపుకునే శుభోదయం బొమ్మ కంటే ఎన్నో రెట్లు చిన్నది. దాని పక్కన "18 దాటింది" అనడానికి గుర్తుగా 1 అనే అంకె, రాష్ట్రానికి సంబంధించిన ఒక సంఖ్య, క్యూఆర్ తయారైన సమయం, ఉడాయ్ తాళానికి సంబంధించిన గుర్తు ఉన్నాయి. నా పేరు కోసం, మా వీధి పేరు కోసం, పుట్టిన సంవత్సరం కోసం ఆ అంకెల్లో ఎంత వెతికినా ఉపయోగం లేదు. అవి అక్కడ మారువేషంలో కూడా లేవు. తర్వాత ఆ ఫైలును ఎడిటరులో తెరిచి రాష్ట్రం దగ్గర ఒకే ఒక అంకె మార్చి మళ్లీ తనిఖీకి పెట్టాను. రుజువు చెల్లదని వెంటనే తేలింది. అంకెను యథాస్థానానికి తెస్తే చెల్లింది. ఫొటోషాప్‌లో పుట్టిన సంవత్సరం దిద్దిన జెరాక్స్ కాగితాన్ని ఏ కౌంటరులోనూ ఎవరూ ఇంత కచ్చితంగా పట్టుకోలేరు. తనిఖీ చేసేవారికి దక్కే ఈ లాభం గురించి జనం తక్కువగా మాట్లాడుతారు. ఈ గణితం కార్డు ఇచ్చేవారి గుట్టును కాపాడడంతోపాటు, కార్డు అడిగేవారికి జెరాక్స్ ఎన్నడూ ఇవ్వలేని భరోసాను కూడా ఇస్తుంది.

నాకు బాగా నచ్చిన మరో అంశం నల్లిఫయర్ అనే సంఖ్య. ఒక సేవలో ఒక మనిషికి ఒకే ఖాతా ఉండాలన్నా, ఒక పోలింగులో ఒకే ఓటు పడాలన్నా, పేరు తెలియకుండా మనిషిని గుర్తుపట్టే ఉపాయం కావాలి. అనాన్ ఆధార్ ప్రతి సేవకు ఒక విత్తన సంఖ్యను ఇచ్చి, దాన్ని క్యూఆర్‌లోని ఫొటో సమాచారంతో కలిపి హాష్ చేస్తుంది, అంటే వెనక్కి తిప్పి అసలు సమాచారాన్ని రాబట్టలేని ఒక సంఖ్యగా మారుస్తుంది. ఒకే సేవకు నేను ఎన్నిసార్లు రుజువు ఇచ్చినా అదే సంఖ్య వస్తుంది. మరో సేవలో పూర్తిగా వేరే సంఖ్య వస్తుంది. కాబట్టి రెండు సంస్థలు తమ పట్టికలను పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నా నేను రెండింటిలోనూ ఉన్నానని తెలుసుకోలేవు. ఆధార్ సంఖ్యను అన్ని చోట్లా ఇచ్చే అలవాటులో ఉన్న అసలు ప్రమాదం ఈ జత కలపడమే కనుక, రూపకర్తలు సరైన చోట దృష్టి పెట్టారని చెప్పాలి.

ఇక లోపాల దగ్గరికి వస్తాను. ఇవి నా ఫోనులోనో కంప్యూటరులోనో ఎదురైన చిక్కులు కావు, నిర్మాణంలోనే ఉన్న పరిమితులు.

అన్నిటికంటే పెద్దది, ఈ రుజువు "సంతకం ఉన్న సమాచారం నా దగ్గర ఉంది" అని చెబుతుందే తప్ప "ఆ సమాచారంలోని మనిషిని నేనే" అని చెప్పదు. మా అమ్మ ఈ-ఆధార్ ఫైలు ఎవరి చేతిలో ఉంటే వారు ఆమె తరఫున రుజువు తయారు చేయగలరు. అంటే ఆ జెరాక్స్ దుకాణం ఫోల్డరులో ఉన్న ప్రతి పీడీఎఫూ ఒక రుజువు కాగల ముడిసరుకే. రూపకర్తలు దీన్ని గుర్తించే, క్యూఆర్ తయారైన సమయాన్ని రుజువులో బయటపెట్టారు. తనిఖీ చేసేవారు "గత గంటలో తయారైన క్యూఆర్ మాత్రమే చెల్లుతుంది" అని షరతు పెడితే, వినియోగదారు ఓటీపీతో ఉడాయ్ నుంచి తాజా ఈ-ఆధార్ తెచ్చుకోవాలి. పాత నకళ్లు దొంగిలించినవారికి ఆ దారి మూసుకుపోతుంది. దీనితోపాటు రుజువుకు ఒక సందేశాన్ని కట్టిపెట్టే ఏర్పాటు కూడా ఉంది కనుక, ఒకచోట ఇచ్చిన రుజువును పట్టుకెళ్లి మరోచోట చూపించడం కుదరదు. రెండూ మంచి ఏర్పాట్లే. కానీ రెండూ తనిఖీ చేసేవారి శ్రద్ధ మీద ఆధారపడ్డాయి. ఏ యాప్ రూపకర్త అయినా ఈ సమయపు షరతును వదిలేస్తే, గణితం ఎంత గట్టిదైనా తలుపు తెరిచే ఉంటుంది.

ఈ విషయంలో గూగుల్ వాలెట్ పద్ధతి మెరుగ్గా ఉంది. 2025లో గూగుల్ తన వాలెట్‌లో వయసు నిర్ధారణకు జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌లను ప్రవేశపెట్టి, అదే ఏడాది జులైలో లాంగ్‌ఫెలో అనే ఆ లైబ్రరీని ఓపెన్ సోర్స్ చేసింది. అక్కడ డిజిటల్ గుర్తింపు పత్రం ఫోనులోని భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది. ప్రతి రుజువులోనూ ఆ చిప్ అప్పటికప్పుడు చేసిన సంతకం కూడా భాగం కావాలి, కాబట్టి ఫైలును నకలు తీసుకున్నంత మాత్రాన రుజువు పుట్టదు. అయితే పత్రం జారీ చేసే ప్రభుత్వమే ఆ రూపంలో జారీ చేయాలి. అనాన్ ఆధార్ గొప్పతనం దీనికి సరిగ్గా అవతలి వైపున ఉంది: ఉడాయ్ ఏమీ మార్చనక్కర లేకుండా, ఇప్పటికే కోట్ల ఇళ్లలో ఉన్న కాగితం మీది క్యూఆర్‌తోనే పని జరుగుతుంది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. గుర్తింపు సాంకేతికతలు ఎక్కువగా ఆగిపోయేది "ముందు అందరూ కొత్త కార్డు తీసుకోవాలి" అన్న మెట్టు దగ్గరే.

రెండో పరిమితి నల్లిఫయర్‌లో ఉంది. అది క్యూఆర్‌లోని ఫొటో నుంచి పుడుతుంది కనుక, ఆ ఫొటో ఉన్న ఉడాయ్‌కి ఫలానా సేవ విత్తన సంఖ్య తెలిస్తే, ఏ నల్లిఫయర్ ఎవరిదో సిద్ధాంతరీత్యా లెక్కగట్టవచ్చు. మా అమ్మ ఈ-ఆధార్ దొరికినవారికీ ఆమె విషయంలో అదే వీలుంటుంది. అంటే లాడ్జీ నుంచి, ఆటల యాప్ నుంచి దాక్కోవడానికి ఇది సరిపోతుంది. పత్రం జారీ చేసినవారి నుంచి దాక్కోవడానికి కాదు. అవినీతి మీద అజ్ఞాతంగా ఫిర్యాదు చేసే వేదికను దీని మీద కట్టాలని ఎవరైనా ఆలోచిస్తే, ఈ ఒక్క కారణంతో వద్దనే చెబుతాను. ఫొటో మార్పించుకుంటే నల్లిఫయర్ కూడా మారిపోతుందన్నది దీనికి అనుబంధంగా గుర్తుంచుకోవలసిన విషయం.

మూడోది గణితానికి సంబంధం లేనిది, కానీ మన దగ్గర దానిదే ఎక్కువ బరువు. పుట్టిన రోజు ఎవరూ రాసిపెట్టని తరంలో, నమోదు కేంద్రంలో ఉజ్జాయింపుగా చెప్పిన సంవత్సరమే ఆధార్‌లోకి ఎక్కింది. మా పెదనాన్నగారి కార్డులో ఉన్న తేదీ జనవరి 1. మా ఊళ్లో ఆయన ఈడు వారిలో అదే తేదీ ఎంతమందికి ఉందో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. ఆధార్ గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని ఉడాయ్ స్పష్టం చేశాక, భవిష్యనిధి సంస్థ 2024 జనవరిలో పుట్టిన తేదీకి అంగీకరించే పత్రాల జాబితా నుంచి ఆధార్‌ను తొలగించింది. జీరో నాలెడ్జ్ ప్రూఫ్ తప్పుడు తేదీని ఒప్పుగా మార్చలేదు. కార్డులో ఉన్నది ఉన్నట్టుగా సంతకమై ఉందని మాత్రమే చెబుతుంది. పైగా పక్కన మిగతా వివరాలు లేకపోవడంతో, అనుమానం వచ్చిన గుమస్తా ఫొటో చూసి అంచనా వేసుకునే అవకాశం కూడా ఉండదు.

ఈ సాధనాన్ని ఇతర రంగాల అనుభవం పక్కన పెట్టి చూసినప్పుడు నాకు తట్టిన సంగతులు కొన్ని చెప్పాలి.

బ్యాంకింగ్‌లో డచ్ బ్యాంకు ఐఎన్‌జీ 2017లోనే, ఒక సంఖ్య రెండు హద్దుల మధ్య ఉందని ఆ సంఖ్య చెప్పకుండా చూపే రుజువులకు కోడ్ విడుదల చేసింది. ఇంటి రుణం అడిగే మనిషి జీతం కావలసిన పరిధిలో ఉందని, అసలు జీతమెంతో చెప్పకుండా చూపడం దాని ఉదాహరణల్లో ఒకటి. మన దేశంలో 2021 సెప్టెంబరులో మొదలైన, మన బ్యాంకు వివరాలను రుణదాతకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థలో మధ్యవర్తి మన వివరాలను చదవలేడు, మన అనుమతి లేనిదే ఏదీ కదలదు. అది మెచ్చుకోవలసిన ఏర్పాటు. కానీ అనుమతించిన తర్వాత రుణదాతకు చేరేది ఖాతా వివరమే. నెలకు ఎంత మిగులుతుందన్న ఒక్క ప్రశ్నకు, ఏ మందుల దుకాణంలో ఎంత ఖర్చుపెట్టామో, ఎవరికి ఎంత పంపామో అన్నీ సమాధానంగా వెళతాయి. అనాన్ ఆధార్ తరహా ఆలోచన మన దేశంలో నిజంగా దున్నవలసిన బీడు ఇక్కడుందని నా అభిప్రాయం.

అందరి చేతుల్లోకీ వెళ్లి, ఎవరూ గమనించనంత సాఫీగా పనిచేస్తున్న ఉదాహరణ సిగ్నల్ అనే సందేశాల యాప్. అందులోని గ్రూపుల్లో ఎవరెవరు ఉన్నారో సర్వరుకు తెలియదు. సభ్యుల జాబితా గుప్తంగానే ఉంటుంది. గ్రూపులో మార్పు చేయబోయే మనిషి "నేను ఈ గ్రూపు సభ్యుణ్నే" అని తానెవరో చెప్పకుండా రుజువు చేస్తాడు. 2019 డిసెంబరులో ఈ పద్ధతిని ప్రకటించారు. వాడేవారికి ఒక్క బటన్ కూడా అదనంగా కనిపించదు, తాళపు ఫైళ్లు దించుకోవడమన్న మాటే లేదు. అనాన్ ఆధార్‌ను సామాన్యులు వాడాలంటే చేరుకోవలసిన సౌలభ్యం ఇది. ప్రస్తుతం అది డెవలపర్ల చేతిలో ఇమిడే పనిముట్టుగానే ఉంది, ఆ సంగతిని దాని డాక్యుమెంటేషను కూడా దాచలేదు.

హెచ్చరికగా నిలిచే ఉదాహరణలు కూడా ఉన్నాయి, వాటిని దాటవేస్తే ఈ సమీక్ష నిజాయతీగా ఉండదు. 2016 అక్టోబరులో మొదలైన జీక్యాష్ అనే క్రిప్టో నాణెంలో, కోరుకుంటే పంపినవారు, అందుకున్నవారు, మొత్తం, అన్నీ రుజువుల చాటున ఉంచవచ్చు. 2018 మార్చిలో అక్కడి గణితవేత్త ఏరియల్ గబిజోన్, తాము ఆధారపడిన పరిశోధనా పత్రంలోని ఒక పొరపాటు వల్ల దొంగ నాణేలు ఎన్నైనా పుట్టించవచ్చని కనుగొన్నారు. అదే ఏడాది అక్టోబరులో కొత్త వ్యవస్థకు మారడంతో ఆ కంత పూడింది. 2019 ఫిబ్రవరిలో గానీ లోకానికి చెప్పలేదు. ఎవరూ దాన్ని వాడుకున్న ఆనవాళ్లు కనబడలేదని ఆ సంస్థ చెప్పింది. కానీ అంతా చాటున జరిగే వ్యవస్థలో దొంగతనం కూడా చాటునే జరుగుతుందన్నది ఆ ఉదంతం తేటతెల్లం చేసింది. 2019 మార్చిలో స్విట్జర్లాండ్ తపాలా సంస్థ ఆన్‌లైన్ ఓటింగ్ వ్యవస్థలో సారా జేమీ లూయిస్, ఒలివియే పెరైరా, వనెస్సా టీగ్ మరో లోపాన్ని బయటపెట్టారు: ఓట్లను కలగలిపే దశలో లోపలివారు ఓట్లు మార్చి, ఏమీ మార్చలేదన్న "రుజువు"ను కూడా జతచేయగలిగేంత లోపం. ఆ వ్యవస్థ అప్పుడు ఆగిపోయి, మెరుగులు దిద్దుకుని 2023లో మళ్లీ పరీక్షలకు వచ్చింది. రెండు ఉదంతాల్లోనూ మూల సిద్ధాంతం చెక్కు చెదరలేదు. ఒకచోట దాన్ని ఒక నిర్దిష్ట పద్ధతిగా మలిచిన పత్రంలో, మరోచోట లెక్కలో వాడే స్థిర సంఖ్యలను ఎంచుకున్న తీరులో తప్పు దొర్లింది. రెండింటినీ పట్టుకున్నది కూర్చుని చదివిన నిపుణులే. కాబట్టి సోర్స్ కోడ్ బయట ఉండడం అనాన్ ఆధార్ విషయంలో నేను మొదట మార్కులు వేసే అంశం. మూసిన పెట్టెలో పెట్టి "జీరో నాలెడ్జ్ సాంకేతికతతో" అని ప్రకటించే ఏ సేవనైనా నేను నమ్మను.

ఇదే భావన అణ్వాయుధాల తనిఖీ దాకా వెళ్లిందన్నది చాలామందికి కొత్తగా అనిపించవచ్చు. 2014లో నేచర్ పత్రికలో అలెగ్జాండర్ గ్లేసర్, బోయాజ్ బరాక్, రాబర్ట్ గోల్డ్‌స్టన్ ఒక పద్ధతిని ప్రతిపాదించారు. తనిఖీకి వచ్చిన ఆయుధం గుండా న్యూట్రాన్లను పంపి, వాటిని ముందే కొంత లెక్క నింపి ఉంచిన డిటెక్టర్లతో కొలుస్తారు. ఆయుధం అసలుదైతే ఆ నింపిన లెక్కా, ఈ కొలతా కలిసి అన్ని చోట్లా ఒకే సంఖ్యగా సమమైపోతాయి. చూసేవారికి ఆయుధం నిర్మాణం గురించి ఏమీ తెలియదు. నకిలీదైతే ఎగుడుదిగుడులు కనిపిస్తాయి. కంప్యూటరు కోడ్ లేకుండా భౌతికశాస్త్రంతోనే చేసిన జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అది. అంతటి రహస్యాలున్న దేశాల మధ్య కుదిరే పద్ధతిని ఆలోచించగలిగిన గణితాన్ని లాడ్జీ కౌంటరు దగ్గర ఇమిడ్చడం అసాధ్యమని నేను అనుకోను.

మన దగ్గర దీని అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం సేకరించాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి కావాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రతి ఆటల యాప్, ప్రతి ట్యూషన్ యాప్ "మీరు పెద్దవారేనా?" అని అడగవలసి వచ్చినప్పుడు, అందరూ ఆధార్ ఫొటోలు అప్‌లోడ్ చేయించుకోవడం మొదలుపెడితే నేను చూసిన డౌన్‌లోడ్స్ ఫోల్డరే వేల సర్వర్లలో తయారవుతుంది. 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు కార్యాలయం నకళ్లు ఎవరికీ ఇవ్వవద్దని ప్రకటించి, అపార్థాలకు దారి తీస్తోందంటూ రెండు రోజుల్లోనే ఆ ప్రకటన వెనక్కి తీసుకున్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇవ్వవద్దని చెప్పినప్పుడు దాని బదులు ఏమివ్వాలో కూడా జనం చేతిలో ఉండాలి. నాలుగంకెలు తప్ప మిగతా సంఖ్యను దాచే మాస్క్‌డ్ ఆధార్ కొంత నయమే, కానీ అందులోనూ పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఫొటో అలాగే ఉంటాయి.

ఇప్పుడు నా నిర్ణయం. యాప్‌లు రాసేవారికి, ముఖ్యంగా 18 ఏళ్ల షరతు ఉన్న సేవలకు, ఒక మనిషికి ఒకే అవకాశం ఇవ్వవలసిన సర్వేలకు, అపార్ట్‌మెంట్ సంఘాల ఎన్నికల వంటి చిన్న ఓటింగులకు అనాన్ ఆధార్‌ను ప్రయోగాత్మకంగా వాడి చూడమని సిఫారసు చేస్తాను. సమయపు షరతు పెట్టడం, సందేశాన్ని కట్టిపెట్టడం, ఈ రెండూ మానకూడదు. డబ్బు, ఆస్తి, చట్టపరమైన హక్కులు ముడిపడిన చోట వద్దు. మామూలు పౌరులు నేరుగా దించుకుని వాడుకోవడానికి ఇది ఇంకా సిద్ధంగా లేదు. రుజువు తీసుకెళ్లి కౌంటరులో చూపినా తనిఖీ చేసే ఏర్పాటు అవతల ఉండదు. గణితానికి ఐదుకు నాలుగున్నర, నేటి ఉపయోగానికి రెండున్నర ఇస్తాను.

మా అమ్మ సంగతి మిగిలిపోయింది. ఆమెకు కావలసింది 60 దాటిందన్న రుజువు. అనాన్ ఆధార్‌లో ఉన్నది 18 మాత్రమే. కోడ్‌లో ఆ సంఖ్య మార్చడం నిమిషం పని అని నేనూ మొదట అనుకున్నాను. కానీ ఇందులో వాడిన గ్రోత్16 అనే పద్ధతిలో లెక్క మారిన ప్రతిసారీ తాళాలను కొత్తగా పుట్టించాలి. ఆ తాళాలు పుట్టించేటప్పుడు వాడిన రహస్య సంఖ్యలను ఎవరైనా దాచుకుంటే దొంగ రుజువులు చేయగలరు. అందుకే పలువురు కలిసి, తమ వంతు రహస్యాన్ని తమ తమ చోట నాశనం చేసే ఒక క్రతువు లాంటి ప్రక్రియ జరపాలి. వారిలో ఒక్కరు నిజాయతీపరులైనా చాలు. జీక్యాష్ మొదటి క్రతువులో ఆరుగురు పాల్గొన్నారు. 2019లో వచ్చిన ప్లాంక్ వంటి పద్ధతుల్లో ఒకసారి చేసిన ఏర్పాటే ఎన్ని లెక్కలకైనా పనికొస్తుంది, జీక్యాష్ 2022లో చేరుకున్న హేలో 2లో అసలు క్రతువే లేదు. అనాన్ ఆధార్ తర్వాతి రూపం అటువైపు మళ్లి, వయసు హద్దును అడిగేవారే నింపుకునే ఖాళీగా వదిలితే 60 ఏళ్ల పింఛనుదారుకూ, 21 ఏళ్ల అభ్యర్థికీ ఒకే సాధనం సరిపోతుంది. ఆ రూపం వచ్చిన రోజున నేను మొదట పరీక్షించేది మా అమ్మ క్యూఆర్‌తోనే. ఆ పీడీఎఫ్‌ను ఈసారి ఆమె ఫోనులోంచి బయటికి పంపను.